తల్లి ఒడిలోని మాటయే తొలి పాఠము

 



మన దేవాలయములలో పురాణశ్రవణము జరుగునపుడు ఒక విషయమును మీరందరును గమనించియే యుందురు. మన పవిత్ర గ్రంథములలోని గొప్ప సంగతులు అనేకము సంభాషణ రూపముననే చెప్పబడియున్నవి. అర్జునుడు అడిగెను, శ్రీకృష్ణ భగవానుడు చెప్పెను. పరీక్షిన్మహారాజు అడిగెను, శుకమహర్షి భాగవతమును వినిపించెను. తల్లియగు దేవహూతి అడిగెను, కుమారుడగు కపిలుడు తత్త్వమును బోధించెను. ఉపనిషత్తు అను పదములోనే గురువునకు దగ్గరగా కూర్చుండుట అను అర్థము కలదు. ఒకరు అడుగుట, ఒకరు చెప్పుట, విన్నవారు మరల సందేహము వెలిబుచ్చుట, ఇదియే మన ఋషుల విద్యావిధానము.

ఈ ధర్మము ఆశ్రమములకు మాత్రమే చెందినది కాదు. మన వంట ఇంటికిని, పడక గదికిని, బిడ్డను బడికి గొనిపోవు కారు వెనుక సీటుకును ఇది వర్తించును. ముప్పది యేండ్లుగా చిన్నపిల్లల తరగతి గదిలో నిలిచి చూచినదానిని, మన పెద్దల గ్రంథములు చెప్పినదానితో కలిపి, ఈ సంచిక ద్వారా మీకు విన్నవించుకొనుచున్నాను.

ప్రహ్లాదుడు విన్న మాట

హిరణ్యకశిపుడు తపస్సునకై వెడలిపోయినపుడు ఇంద్రుడు అతని పురముపై దండెత్తి, గర్భవతియగు రాణి లీలావతిని పట్టుకొని పోవుచుండెను. నారద మహర్షి అడ్డుపడి ఆమెను విడిపించి, తన ఆశ్రమమునకు గొనిపోయి, భర్త తిరిగి వచ్చువరకు కాపాడెను. ఆ దినములలో ఆయన ఆమెకు ధర్మమును గూర్చియు భక్తిని గూర్చియు చెప్పుచుండెను. మాట తల్లికి చెప్పబడినది. గర్భమందలి శిశువు దానిని వినెను. చాలకాలము గడచుటచే తల్లి ఆ మాటలను మరచిపోయెను. బిడ్డ మాత్రము మరువలేదు. ఈ సంగతిని ప్రహ్లాదుడే తన తోటి బాలురకు చెప్పినట్లు భాగవతములో కలదు.

ఇది పురాణ కథయే కదా యని మన యువకులు కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. అట్టివారు ఈ సంగతిని కూడ తెలిసికొనవలెను. 1986లో అమెరికా దేశమున ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించిరి. గర్భిణీ స్త్రీలు చివరి ఆరు వారములలో ఒక పిల్లల కథను ప్రతిదినము బిగ్గరగా చదివిరి. బిడ్డలు పుట్టిన కొద్ది దినములలోనే వారికి ఆ కథను, వేరొక కథను వినిపించి చూచిరి. బిడ్డలు తాము గర్భములో విన్న కథయే మరల వినబడునట్లు, నోటిలోని పీకను చప్పరించు విధమును మార్చుకొనిరి. అర్థము వారికి తెలియదు. కాని తల్లి మాటలోని లయ వారికి తెలిసియుండెను. ప్రహ్లాదుని కథకు ఇది నిరూపణమని నేను చెప్పను. భక్తి త్రోవ వేరు, ప్రయోగశాల త్రోవ వేరు. అయినను బిడ్డ మనము తలచినదానికంటె ముందే వినుచున్నాడను మాట రెండు చోట్లను కలదు.

ఒడి నుండి త్రోయబడిన బిడ్డ

హిరణ్యకశిపుడు చేసిన ఒక మంచి పనిని మనము సాధారణముగా చెప్పుకొనము. బడి నుండి వచ్చిన కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నాయనా, ఏమి నేర్చితివో చెప్పుమని అడిగెను. మూడు లోకములను ఏలు రాజునకు కూడ అందుకు తీరిక దొరికెను. మనలో ఎందరు తండ్రులు దినమున కొకమారైనను బిడ్డను దగ్గరకు తీసికొని ఈ ప్రశ్న అడుగుచున్నారు?

అడుగుటలో లోపము లేదు. లోపము వినుటలో వచ్చెను. మొదటిమారు తనకు నచ్చని జవాబు వినినపుడు నవ్వి, మరల గురువుల వద్దకు పంపెను. రెండవమారు కోపము పట్టజాలక బిడ్డను ఒడి నుండి క్రిందికి త్రోసివేసెను. తాను కోరిన జవాబే రావలెనని అడుగువాడు పరీక్షాధికారి యగును గాని తండ్రి కాజాలడు. అట్టి ఇంటిలో బిడ్డ రెండు విద్యలను త్వరలోనే నేర్చుకొనును: ఒకటి భయము, రెండవది మౌనము.

నచికేతుని కథ కూడ ఇట్టిదియే. తండ్రి యాగము చేసి, పాలుడిగిన ముసలి ఆవులను దానమిచ్చుచుండగా ఆ బాలుడు చూచెను. నన్నెవరికి ఇచ్చెదవని అడిగెను. ఒకమారు, రెండుమారులు, మూడుమారులు అడిగెను. తండ్రి విసిగి, నిన్ను మృత్యువునకు ఇచ్చెదనని నోరు జారెను. బిడ్డ ఆ మాటను నిజముగా తీసికొని యముని ద్వారమునకు పోయి మూడు రాత్రులు నిలిచెను. పెద్దలు విసుగులో అన్న మాటను పిల్లలు ఎంత లోతుగా తీసికొందురో చెప్పుటకు ఇంతకంటె గొప్ప కథ లేదు.

అచ్చట ఏమి జరిగెనో కూడ గమనింపుడు. నచికేతుడు మరణమును గూర్చి ప్రశ్నింపగా యముడు మొదట దాటవేయ జూచెను. ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, ఆటపాటలను ఇచ్చెదను, ఈ ప్రశ్నను మాత్రము విడువుమని బ్రతిమాలెను. నేడు మన గృహములలో బిడ్డ మూడవమారు ఎందుకు అని అడుగగానే చేతిలో ఫోను పెట్టుట దీనికి సమానమే. నచికేతుడు ఆ వస్తువులను నిరాకరించెను. మన మూడేండ్ల బిడ్డ నిరాకరింపజాలడు. ఫోను తీసికొనును, ప్రశ్నను మరచును. కొన్నాళ్ళకు అడుగుటయే మానును. పిదప ఉపాధ్యాయులమగు మా వద్దకు వచ్చి, మా వాడు తరగతిలో నోరు విప్పుట లేదేమని తల్లిదండ్రులు అడుగుదురు.

తుదకు యముడు ఆ బాలుని పట్టుదలను మెచ్చి ఓర్పుతో సమాధానము చెప్పెను. మృత్యుదేవతకు కలిగిన ఓర్పు తల్లిదండ్రులకు కలుగరాదా?

మర్రిపండు పాఠము

ఎట్లు మాటలాడవలెనో నేర్పిన తండ్రి కూడ మన గ్రంథములలో కలడు. ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు పండ్రెండేండ్లు గురువు వద్ద చదివి, అంతయు తెలిసినదను గర్వముతో ఇంటికి వచ్చెను. తండ్రియగు ఉద్దాలకుడు అతనిని తిట్టలేదు. ఒక మర్రిపండును తెమ్మనెను. దానిని పగులగొట్టుమనెను. ఏమి కనబడుచున్నదని అడిగెను. సన్నని విత్తనములని కుమారుడు చెప్పెను. ఒక విత్తనమును పగులగొట్టుమని మరల అడిగెను. ఏమియు కనబడుట లేదని కుమారుడనెను. ఆ కనబడని దాని నుండియే ఇంత పెద్ద మర్రిచెట్టు లేచినదని అప్పుడు తండ్రి చెప్పెను. తరువాత ఒక రాత్రి ఉప్పును నీటిలో వేయించి, మరునాడు ఆ నీటిని పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడుమనెను.

ఇందులో మూడు సూత్రములు కలవు. మొదటిది, మాటకు ముందు బిడ్డ చేతిలో ఒక వస్తువు ఉండెను. రెండవది, తండ్రి అడిగి, జవాబు కొరకు ఆగెను. మూడవది, తండ్రి తరువాతి మాట బిడ్డ చెప్పిన జవాబు పైననే నిలిచెను. ఈ మూడింటిలో ఆగుట అన్నిటికంటె కష్టమైనది. పెద్దలకు మౌనము భారముగా తోచి, ప్రశ్నను తామే అడిగి జవాబును తామే చెప్పివేయుదురు. చిన్నబిడ్డకు మాటను వెదకికొనుటకు కొంత కాలము పట్టును. మనసులో అయిదు వరకు లెక్కించుకొని ఆగిన తల్లి, ఆగని తల్లి ఎన్నడును వినని మాటలను వినును.

2018లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో నాలుగు నుండి ఆరేండ్ల వయసు గల 36 మంది పిల్లల ఇండ్లలోని మాటలను ధ్వనిముద్రణ చేసిరి. పిమ్మట ఆ పిల్లలు కథలు వినుచుండగా వారి మెదడు పని చేయు తీరును యంత్రముతో పరిశీలించిరి. పెద్దలతో ఎక్కువమార్లు మాటకు మాట కలిపి మాటలాడిన పిల్లలలో భాషకు చెందిన మెదడు భాగము ఎక్కువ చురుకుగా ఉండెను. పిల్లల చెవిలో పడిన మాటల సంఖ్య కంటె ఈ ఇచ్చిపుచ్చుకొను మాటలకే ఎక్కువ సంబంధము కనబడెను. కుటుంబపు ఆదాయమును, తల్లిదండ్రుల చదువును లెక్కలోనికి తీసికొన్నను ఫలితము మారలేదు. కావున ఈ ధనము కలవారి సొత్తు కాదు. బస్సు కొరకు నిలిచియున్న తల్లి కూడ తన బిడ్డకు దీనిని ఇయ్యగలదు.

మరియొక సంగతి. 2003లో పట్రీషియా కూల్ అను శాస్త్రవేత్రి, ఆమె తోటివారు, తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చీనా భాషను వినిపించిరి. కొందరికి ఆ భాష మాటలాడు మనిషి ఎదుట కూర్చుండి పండ్రెండుమార్లు ఆడించుచు, చదువుచు వినిపించెను. ఇతరులకు అదే మాటలు తెరమీద గాని, ధ్వనిముద్రణ ద్వారా గాని వినబడెను. మనిషితో గడపిన శిశువులు ఆ భాషలోని ధ్వనుల భేదమును పట్టిరి. తెరమీద చూచినవారు, ధ్వనిముద్రణ విన్నవారు పట్టలేదు. మన పిల్లలకు తెలుగు పాటల వీడియోలు పెట్టి, భాష వచ్చునని సంతృప్తి పడు తల్లిదండ్రులు దీనిని ఆలోచింపవలెను. పాట మంచిదే. ప్రక్కన కూర్చుండి పాడు మనిషి కూడ కావలెను.

చెరకు తోటల నుండి చాట్స్‌వర్త్ వరకు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి బయలుదేరిన 342 మందితో డర్బన్ రేవు చేరెను. 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశము నుండి గిర్మిట్ ఒడంబడికపై నేటాల్‌కు వచ్చిరి. అందు మన తెలుగువారు కూడ కలరు. ఐదేండ్ల ఒడంబడిక, మొదటి సంవత్సరము పురుషునికి నెలకు పది షిల్లింగుల జీతము, సిర్దారు కేక, సూర్యోదయము నుండి చెరకు తోటలో పని. అనేకులు వ్రేలిముద్ర వేసినవారే గాని సంతకము చేసినవారు కారు. వారి వద్ద పుస్తకములు లేవు. బడులు బహు తక్కువ.

అయినను మన భాష, మన రామాయణ భాగవతములు, మన పండుగలు వారి పిల్లలకు చేరినవి. ఎట్లు చేరినవి? పొయ్యి ప్రక్కన కూర్చుండిన అవ్వ నోటి ద్వారా చేరినవి. పప్పులో రాళ్ళు ఏరుచు చెప్పిన కథల ద్వారా చేరినవి. ఎంత అలసి వచ్చినను తాత బిడ్డను మోకాలిపై కూర్చుండబెట్టుకొని పలికిన మాటల ద్వారా చేరినవి. అక్షరము తెలియనివారు భాషను నిలిపిరి. వారి మనుమలమగు మనము అక్షరములన్నియు తెలిసి దానిని జారవిడుచుచున్నాము.

ఇందుకు కారణములు కలవు. ఎవరిని నిందించుటకును నేను ఇది వ్రాయుట లేదు. బడిలోను పనిలోను ఆంగ్లమే నడిచెను. ఆంగ్లము వచ్చినచో బిడ్డ బాగుపడునని పెద్దలు ప్రేమతోనే తమ భాషను తగ్గించుకొనిరి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము వలన కుటుంబములు తాము పుట్టి పెరిగిన చోట్ల నుండి తొలగింపబడినవి. డర్బన్ పురపాలక సంఘపు భారతీయ కార్మికులు నివసించిన మ్యాగజైన్ బ్యారక్స్ వంటి చోట్లు ఖాళీ అయి, 1960 దశకములో వేలాది కుటుంబములు చాట్స్‌వర్త్‌కు పంపబడినవి. ఒక్క పెరటిలో నాలుగు కుటుంబములుగా ఉన్నవారు చిన్న చిన్న ఇండ్లలో విడివిడిగా చేరిరి. అవ్వ ఒక వీధిలో, మనుమరాలు వేరొక పేటలో ఉండిపోయిరి. ఆ చట్టము ఇండ్లను తీసికొనినదని చరిత్రకారులు వ్రాసిరి. సాయంకాలపు మాటను కూడ తీసికొనినదని మనము చేర్చవలెను.

1996 నాటి మన దక్షిణాఫ్రికా రాజ్యాంగము తన ఆరవ విభాగములో, ప్రోత్సహింపబడి గౌరవింపబడవలసిన సమాజ భాషల నడుమ తెలుగు పేరును కూడ చెప్పియున్నది. ఇది మనకు గర్వకారణము. కాని రాజ్యాంగములోని పేరు బిడ్డ నోటిలోనికి తనంతట తాను రాదు. నేను తెలుగు అక్షరములను గుడి పాఠశాలలో చాపపై కూర్చుండి నేర్చినవాడను. మా గురువులకు నేను జీవితాంతము ఋణపడియుందును. అయినను వారమునకు ఒకటి రెండు గంటల పాఠము ఇచ్చినది అక్షరములను మాత్రమే. దా నాయనా, అన్నము తినితివా, ఏల ఏడ్చుచున్నావు, అను మాటలు మా అవ్వ ఇచ్చినవి. గుడి నేర్పినదానిని ఇల్లు మాటలాడనిచో, ఆ విద్య పరీక్ష దినము వరకే నిలుచును.

తెలుగు రానివారు ఏమి చేయవలెను

మాకే తెలుగు సరిగా రాదు, బిడ్డతో ఏమి మాటలాడుదుమని అనేకులగు తల్లులు నన్ను అడుగుచుందురు. వారికి నా జవాబు ఇది. మొదట, మీకు హృదయపూర్వకముగా ఏ భాష వచ్చునో ఆ భాషలో నిండుగా మాటలాడుడు. తెలుగు రాలేదను సిగ్గుతో మౌనముగా ఉన్న ఇంటి కంటె, ఆంగ్లములో నవ్వుచు, అడుగుచు, కథలు చెప్పుకొను ఇల్లు బిడ్డకు మేలు చేయును. మాట అను పొలము దున్నబడియున్నచో తెలుగు విత్తనమును ఎప్పుడైనను చల్లవచ్చును. బీడు భూమిలో ఏ విత్తనమును మొలవదు.

తరువాత, దినములో కొన్ని చోట్లను తెలుగునకు కేటాయింపుడు. స్నానపు వేళ అవయవముల పేర్లు, దీపము వెలిగించు వేళ దేవుని పేర్లు, భోజనపు వేళ పదార్థముల పేర్లు, పడక వేళ ఒక చిన్న కథ. అవ్వ, తాత, అత్త, మామ, అక్క, అన్న అను వరుసలను విడువకుడు. రెండు భాషలు వినుటచే బిడ్డ మతి చెదరునను భయము అక్కరలేదు. మన చుట్టును జూలూ భాషను, ఆంగ్లమును చిన్ననాటి నుండి సులభముగా పలుకు పిల్లలు ఎందరో కలరు. అది వారికి బరువు కాలేదు, బలమైనది.

ఒక చిన్న ఉదాహరణము చెప్పెదను. మన చాట్స్‌వర్త్ పెరళ్ళలోనికి కోతులు వచ్చుట మీకు క్రొత్త కాదు. మూడేండ్ల బిడ్డ కిటికీ వద్ద నిలిచి, అమ్మా, కోతి! అని అరచెను. అవును, కిటికీ మూయుము అని తల్లి చెప్పినచో సంభాషణ అచ్చట ముగిసెను. ఆమె ఇట్లు అడిగినచో చూడుడు.

“ఎన్ని కోతులు వచ్చినవి, కన్నా?”

“రెండు. ఒకటి చిన్నది.”

“ఆ చిన్నది ఎచ్చట కూర్చున్నది?”

“వాళ్ళ అమ్మ పొట్టకు పట్టుకున్నది. ఎందుకమ్మా?”

“నీవేమనుకొనుచున్నావు?”

“పడిపోతానని భయం.”

ఇంతలోనే లెక్క వచ్చెను, పోలిక వచ్చెను, కారణము వెదకు బుద్ధి వచ్చెను, మరియొక ప్రాణి భయమును తెలిసికొను దయ వచ్చెను. ఆ రాత్రి పడక వేళ హనుమంతుని కథ చెప్పుటకు దారియు ఏర్పడెను. దీనికి పట్టిన కాలము ఒక నిమిషము. ఖర్చు లేదు, బహుశః ఒక అరటిపండు కోతుల పాలగును.

2022, 2023 సంవత్సరములలో మన దేశమున విద్యుత్తు కోతలు దినమునకు పలుగంటలు సాగినపుడు మనమందరము విసిగితిమి. అయినను ఆ చీకటిలో క్రొవ్వొత్తి చుట్టును కూర్చుండి, అనేక కుటుంబములు చాలకాలము తరువాత మాటలాడుకొనినవి. నాయనా, మీరు చిన్నప్పుడు ఎక్కడ ఉండిరి అని పిల్లలు అడిగిరి. ఇప్పుడు దీపములు మరల వెలుగుచున్నవి. దినమునకు అరగంట తెరలన్నిటిని మనమే ఆర్పుకొనుటకు ఏ కార్యాలయపు అనుమతియు అక్కరలేదు.

తాత అవ్వలకు ప్రత్యేకముగా ఒక మనవి. గిర్మిట్ కష్టములు చెప్పుకొనుటకు సిగ్గుపడి మన ముందు తరమువారు అనేక సంగతులను తమతోనే తీసికొని పోయిరి. మీరు అట్లు చేయకుడు. మీకు తెలిసిన ఊరి పేరు, ఇంటి పేరు, పాత ఇంటి పెరటిలోని చెట్టు, మీ అమ్మ పాడిన జోల, ఇవన్నియు మనుమలకు చెప్పుడు. మనుమడు మధ్యలో అడ్డు వచ్చి ప్రశ్న అడిగినచో కోపగింపక సంతోషింపుడు. అడ్డు వచ్చినవాడు వినుచున్నాడని అర్థము.

సోదర సోదరీమణులారా, మనము బిడ్డల పేరున అర్చనలు చేయించుచున్నాము, అక్షరాభ్యాసము చేయించుచున్నాము. సరస్వతీదేవిని వాగ్దేవి యందుము. వాక్కు ఆమె రూపము. బిడ్డ పలికిన మాటను చెవియొగ్గి వినుట ఆమెకు చేయు పూజయే. ఆ పూజకు ముహూర్తము చూడనక్కరలేదు. లీలావతి మరచిన మాటను ప్రహ్లాదుడు నిలిపెను. మనము మరచినదానిని కూడ మన బిడ్డలు నిలుపగలరు; అయితే ఎవరైనను ముందు దానిని వారి చెవిని వేయవలెను.

ఆ లక్ష్మీనరసింహస్వామి మన గృహములను మాటలతో నింపుగాక. మన తల్లిదండ్రులకు వినెడు ఓర్పును, మన పిల్లలకు అడిగెడు ధైర్యమును ప్రసాదించుగాక.

ఇతి శుభమ్.